బొటనవేలు చెప్పిన నిజం

మా పుట్టింట్లో ఎవరికి నడుం పట్టేసినా మా చిన్నత్త కొడుక్కి కబురు వెళ్లేది. వాడు ఎదురుకాళ్లతో పుట్టాడు. అలా పుట్టినవాళ్లు నడుం మీద కాలితో మూడుసార్లు తంతే పట్టు వదిలిపోతుందని మావైపు ఓ నమ్మకం. గేదెల్ని తోలుకెళ్తున్నవాణ్ని ఆపి మరీ తన్నించుకునేవాళ్లు పెద్దవాళ్లు. ఫీజు ఓ గ్లాసుడు మజ్జిగ.

మావారిది ఇంకో పద్ధతి. నెలకోసారి క్షవరానికి వెళ్లినప్పుడు ఆఖర్న తల పట్టించుకుని అటోసారి, ఇటోసారి టక్కున తిప్పించుకుని వచ్చేవారు. ‘ఆ చప్పుడు వినబడితేగానీ డబ్బులిచ్చినట్టుండదోయ్’ అనేవారు.

అందుకే 2018లో అమెరికాలో మా అమ్మాయి ‘కైరోప్రాక్టర్ దగ్గరికి వెళ్దామమ్మా, మందులుండవు, చేత్తోనే వెన్నుపూసలు సర్దుతారట’ అన్నప్పుడు నాకేమీ వింతగా అనిపించలేదు. కోటేసుకున్న చిన్నత్త కొడుకన్నమాట అనుకున్నాను. టక్కుమనిపించుకుని వచ్చేద్దామని బయల్దేరాను.

జరిగింది వేరు. గంటన్నరసేపు తల నుంచి అరికాలి దాకా పరీక్షించి, చివరికి ‘మీ మెడను మేం కదపం’ అన్నారు వాళ్లు. ఆరోజు ఆ మాటకి నీరుగారిపోయాను. ఇవాళ నా కాళ్ల మీద నేను నడుస్తున్నానంటే ఆ మాటే కారణం.

ఎవరికీ చెప్పని సంగతులు

మాది తెనాలి. స్కూలు టీచరుగా రిటైరయ్యాను. అమ్మాయి పురిటికని ఆ ఏడాది జులైలో అమెరికా వెళ్లాను. నడుం నొప్పి అంతకు రెండేళ్ల ముందు నుంచే ఉంది. మన దగ్గరే ఓ డాక్టరుకి చూపించుకుంటే నడుముకి స్కానింగ్ తీయించారు. ఫిల్ము వెలుతురుకి ఎత్తి పట్టుకుని చూసి, ‘డిస్కు కాస్త ఉబ్బిందమ్మా, ఈ వయసులో మామూలే’ అని మాత్రలు, బెల్టు రాశారు. కుర్చీలోంచి లేవలేదు, నన్ను లేవమననూ లేదు. ఆయన్ని అనాల్సింది కూడా ఏమీ లేదు. బయట నలభైమంది కూర్చుని ఉన్నారు. అయినా నేను చెప్పింది నడుం గురించే.

చెప్పనివి చాలా ఉన్నాయి. జాకెట్టు హుక్కులు పెట్టుకోవడానికి పది నిమిషాలు పట్టేది. మల్లెపూలు కడుతుంటే దారం ముడి జారిపోయేది. ముగ్గు గీత వంకరపోయేది. బ్యాంకులో ‘సంతకం కలవట్లేదు మేడమ్’ అన్నారు. ముప్ఫయ్యేళ్లు బోర్డు మీద గుండ్రంగా రాసిన చెయ్యి నాది! ఎడమకాలి చెప్పు జారిపోయి, నాలుగడుగులు వేశాకగానీ తెలిసేది కాదు.

ఒక్కోదానికీ ఒక్కో సాకు వెతుక్కున్నాను. హుక్కులకి వయసు, సంతకానికి కళ్లజోడు, చెప్పుకి వదులైన పట్టీ. ఇవన్నీ ఒకే తీగకి కాసిన కాయలని నాకేం తెలుసు?

ఆగస్టులో మనవరాలు పుట్టింది. మన పద్ధతిలో కాళ్లు చాపుకుని, కాళ్ల మీద పసిదాన్ని పడుకోబెట్టి నీళ్లు పోసేదాన్ని. మూడో వారంలో ఓరోజు సబ్బు నురగతో ఉన్న పిల్ల చేతుల్లోంచి జారింది. మోచెయ్యి అడ్డుపెట్టి ఎలాగో ఆపాను. పిల్లకేమీ కాలేదు. గుక్కపెట్టి ఏడ్చిందంతే. ‘ఏమైందమ్మా?’ అంటూ అమ్మాయి లోపల్నుంచి పరిగెత్తుకొచ్చింది. ‘నీళ్లు కళ్లల్లో పడ్డాయిలే తల్లీ’ అన్నాను.

ఆ అబద్ధం ఆడానేగానీ, ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మర్నాటి నుంచి నడుం నొప్పి వంక పెట్టి, నీళ్లు పోయడం తప్పించుకున్నాను. నిజంగా నడుమే అనుకుని అమ్మాయి క్లినిక్‌కి ఫోన్ చేసింది.

నదికి అవతలి ఊరు

మా అల్లుడు ట్రాక్టర్లు తయారుచేసే కంపెనీలో ఇంజినీరు. వాళ్లుండేది ఇల్లినాయ్ రాష్ట్రంలోని మొలీన్‌లో. వంతెన దాటి అవతలికి వెళ్తే అయోవా రాష్ట్రం, డావెన్‌పోర్ట్ ఊరు. మధ్యలో మిసిసిపీ. ఉత్తరం నుంచి దక్షిణానికి పారే ఆ మహానది అక్కడ మాత్రం తూర్పు నుంచి పడమరకి తిరుగుతుంది. బ్యారేజీ మీంచి కృష్ణను చూసినట్టే దణ్నం పెట్టుకున్నాను.

కైరోప్రాక్టిక్ పుట్టిందే ఆ డావెన్‌పోర్ట్‌లోనట! 1895లో డి.డి. పామర్ అనే ఆయన, వినికిడి పోయిన హార్వీ లిలార్డ్ అనే పనివాడి వెన్నుపూసని చేత్తో నొక్కి సర్దితే వినపడిందని చెప్పుకున్నారు. గ్రీకులో ‘కైర్’ అంటే చెయ్యి, ‘ప్రాక్సిస్’ అంటే చేసే పని. అలా ఆ పేరు వచ్చింది. చాలా రోగాలకి మూలం పక్కకి తొలగిన వెన్నుపూసలేనని పామర్ అనేవాడు. ఆ మాటని వైద్యశాస్త్రం ఒప్పుకోలేదు. దశాబ్దాల తరబడి డాక్టర్లకీ వీళ్లకీ పెద్ద పోరే నడిచింది. కోర్టుదాకా వెళ్లిన ఆ తగవులో 1987లో తీర్పు కైరోప్రాక్టర్లవైపు వచ్చింది. లైసెన్సు చట్టం 1913లో కాన్సస్‌తో మొదలై, 1974లో లూసియానాతో అన్ని రాష్ట్రాలకీ పూర్తయింది.

ఇప్పటి లెక్క ఏమిటంటే, మామూలు నడుం నొప్పికి ఈ చేతి వైద్యం కొంతమందికి ఉపశమనమిస్తుంది. అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2017లో ఇచ్చిన సూచనల్లో, మందుల్లేని మార్గాల్లో ఒకటిగా దీన్నీ చేర్చారు. అన్ని రోగాలూ దీంతో పోతాయన్నదానికి మాత్రం ఆధారాల్లేవు. పైగా మెడని గట్టిగా తిప్పినప్పుడు, అరుదుగానే అయినా, మెదడుకి వెళ్లే రక్తనాళం చీలి పక్షవాతం వచ్చిన కేసులున్నాయి. అందుకే ఒంటిమీద చెయ్యి వేసేముందు చేసే పరీక్షకి అంత విలువ.

గంటన్నర పరీక్ష

మేం వెళ్లింది చదువుకునే పిల్లలు పెద్ద డాక్టరు పర్యవేక్షణలో చూసే క్లినిక్. ఫీజు తక్కువని అల్లుడు అక్కడికి తీసుకెళ్లాడు. నన్ను చూసిన పిల్లకి మా అమ్మాయి వయసు కూడా ఉండదు. నా ఫిల్ముల సంచీ అందించబోతే నవ్వి పక్కన పెట్టింది. ‘ముందు మిమ్మల్ని చూస్తాను. తర్వాత వాటిని’ అంది.

మొదట ప్రశ్నలు. జ్వరం వస్తోందా? బరువు తగ్గారా? ఎప్పుడైనా క్యాన్సరుందా? రాత్రిపూట నొప్పికి మెలకువ వస్తోందా? మూత్రం పోసుకోవడంలో ఇబ్బందుందా? కూర్చునే చోట తిమ్మిరుందా? ఎప్పుడైనా పడ్డారా? రక్తం పల్చబడే మందులు వాడుతున్నారా? వీటిలో దేనికైనా అవునంటే వెన్ను సర్దే ఆలోచన ఆపి జాగ్రత్తపడాలట. అమ్మాయి ఒక్కోటీ తెలుగులో అడుగుతుంటే తల అడ్డంగా ఊపాను. ‘చేతుల్లో ఏమైనా తేడా ఉందా అమ్మా?’ అన్నప్పుడు కూడా ‘అబ్బే, ఏం లేదు’ అన్నాను. చేతుల సంగతి చెబితే పిల్ల జారిన సంగతీ చెప్పాలి కదా.

బీపీ, నాడి చూసింది. తర్వాత నిలబెట్టి వెనక నుంచి చూసింది. భుజాలు సమంగా ఉన్నాయా, తుంటి ఎముకలు ఒకే ఎత్తులో ఉన్నాయా అని. వంగమంది, వెనక్కి వాలమంది, పక్కలకి ఒరగమంది. ఎంతవరకు వంగానో చిన్న పరికరంతో కొలిచి రాసుకుంది.

వేళ్లతో వెన్ను తడమడం చూస్తే మా అమ్మ జపమాల తిప్పడం గుర్తొచ్చింది. మెడలో 7, వీపులో 12, నడుములో 5 పూసలు. కింద కలిసిపోయినవి పక్కనపెడితే, కదిలేవి మొత్తం 24. మెడ మొదట్లో ఉబ్బెత్తుగా తగిలే ఎముకని నా చేతే ముట్టించి, ‘ఇది మెడలో ఏడోది’ అని చూపించింది. ఎక్కడ కండ బిగుసుకుంది, ఎక్కడ నొక్కితే నొప్పి, ఏ పూస సరిగా కదలట్లేదు... అన్నీ వేళ్లతోనే.

వెల్లకిలా పడుకోబెట్టి, మోకాలు వంచకుండా ఒక్కో కాలూ పైకెత్తింది. నడుములో డిస్కు నరాన్ని నొక్కుతుంటే కాలు కొంత ఎత్తు లేవగానే తొడ వెనక నుంచి పాదం దాకా నొప్పి గుంజుతుందట. నాకు గుంజలేదు. నేను సంబరపడ్డాను. ఆ పిల్ల మాత్రం ఆలోచనలో పడింది. నడుములో నరం నొక్కుకోకపోతే మరి ఈమె నడక ఎందుకిలా ఉంది?

అప్పుడు మొదలైంది అసలు పరీక్ష. నేల మీద గీత చూపించి, ఒక కాలి మడమకి ఇంకో కాలి వేళ్లు ఆనిస్తూ నడవమంది. తొక్కుడుబిళ్లాటలో ఊళ్లో నన్ను మించినవాళ్లు లేరు. అలాంటిది మూడో అడుగులో తూలాను. పాదాలు దగ్గరపెట్టి కళ్లు మూసుకోమంటే ఊగిపోయాను. మేం స్కూల్లో శృతిదండం అనేవాళ్లం చూశారా, దాన్ని మోగించి కాలి బొటనవేలి ఎముక మీద ఆనించింది. ‘అదురు తెలుస్తోందా?’ ఎడమవైపు తెలియలేదు. చేతులూ కాళ్లూ తను తోస్తుంటే నన్ను ఎదురు తొయ్యమని, బలానికి 5కి ఇన్ని అని మార్కులేసింది. జీవితమంతా మార్కులేసినదాన్ని, వేయించుకోవడం అదే మొదలు.

పది సెకన్లలో ఎన్నిసార్లు పిడికిలి మూసి తెరవగలరో చూద్దామంది. మామూలుగా 20 సార్లయినా చేయగలగాలట. నావి 11 దగ్గర ఆగిపోయాయి. ‘ఏం లేదు’ అని నోరు దాచిందాన్ని చెయ్యి బయటపెట్టేసింది. అమ్మాయి నావైపు చూసింది. నేను గోడవైపు చూశాను.

తర్వాత రబ్బరు సుత్తి. మోకాలిచిప్ప కింద తడితే కాలు చిన్నగా ఎగరాలి. నాది తన్నినట్టు లేచింది. ‘అబ్బో, బాగా పనిచేస్తోంది’ అనుకున్నాను. కాదట! వెన్నుపాములోంచి దిగే తీగలు మెదడు నుంచి ‘నెమ్మది’ అనే ఆజ్ఞని కూడా మోసుకొస్తాయి. పైన ఎక్కడో ఆ తీగ నలిగితే కింద కళ్లెం వదిలేసినట్టవుతుంది. నా మధ్యవేలి గోరుని పట్టుకుని చిటికేసినట్టు వదిలితే, ముట్టుకోని బొటనవేలు దానంతటదే లోపలికి ముడుచుకుంది.

చివరికి అరికాలు. మడమ నుంచి వేళ్లదాకా మొద్దుగా ఉన్న పుల్లతో గీసింది. పెద్దవాళ్లకైతే బొటనవేలు కిందికి వంగాలి. నాది మెల్లగా పైకి లేచింది. 1896లో పారిస్‌లో బాబిన్‌స్కీ అనే డాక్టరు చెప్పిన గుర్తు ఇది. మెదడుకీ వెన్నుపాముకీ సంబంధించిన దారిలో ఎక్కడో దెబ్బ ఉందని అర్థం.

ఆ పిల్ల పుల్ల కింద పెట్టి, ‘ఒక్క నిమిషం’ అని బయటికెళ్లి పెద్ద డాక్టరుని పిలుచుకొచ్చింది. ఆయన ఆ పరీక్షలన్నీ మళ్లీ మొదట్నుంచీ చేశారు. గడ్డం గుండెకి ఆనేలా మెల్లగా తల వంచమన్నారు. వంచగానే మెడ నుంచి నడుం దాకా కరెంటు పాకినట్టు జివ్వుమంది.

ఆయన కుర్చీ లాక్కుని నా ఎదురుగా కూర్చున్నారు. ‘మీరు నడుం కోసం వచ్చారు. మాకు అనుమానం మెడ మీద ఉంది. మెడలో వెన్నుపాము నలుగుతోందనిపిస్తోంది. అదే నిజమైతే మెడ తిప్పడం ప్రమాదం. మీ మెడను మేం కదపం. ఇంకెవర్నీ కదపనివ్వకండి’ అన్నారు. ఉత్తరం రాసిచ్చి, వెంటనే ఆస్పత్రిలో మెడకి ఎమ్మారై తీయించమన్నారు.

అమ్మమ్మ, మనవరాలు

తిరిగొచ్చేటప్పుడు కారులో ఎవరూ మాట్లాడలేదు. వంతెన మీదికొచ్చాక నేనే చెప్పాను. హుక్కులు, పూలదారం, సంతకం, చెప్పు... ఆఖరికి సబ్బు నురగతో జారిన పసిదాని సంగతి. అమ్మాయి తిడుతుందనుకున్నాను. నా చెయ్యి తీసుకుని ఒళ్లో పెట్టుకుంది. ‘నాకు చెప్పకపోతే ఇంకెవరికి చెప్తావమ్మా!’ అంది.

ఎమ్మారైలో మెడలో అయిదు, ఆరు పూసల మధ్య డిస్కు, దాంతోపాటు పెరిగిన ఎముక కలిసి వెన్నుపాముని నొక్కుతున్నాయని తేలింది. ఆస్పత్రిలో న్యూరోసర్జన్ ఆపరేషన్ వాయిదా వేయొద్దన్నారు. నేను తీసుకున్న విజిటర్ బీమా, ముందునుంచీ ఉన్న జబ్బులకి వర్తించదు. అక్కడి ఖర్చు మేం ఊహించలేం. మెడకి కాలర్ పెట్టుకుని ఇంటికొచ్చి చేయించుకోవచ్చని ఆయన ఒప్పుకున్నాక టికెట్ మార్పించాం. నా బదులు మా వియ్యపురాలు వస్తానన్నారు. ‘మీరు నిశ్చింతగా వెళ్లండి వదినగారూ, పిల్లని నేను చూసుకుంటా’ అని ఫోన్లో ఆవిడ అన్న మాట ఎప్పటికీ మర్చిపోను.

బయల్దేరే ముందురాత్రి పసిది నా మంచం మీద నిద్రపోతోంది. క్లినిక్‌లో ఆ పిల్ల చెప్పిన మాటొకటి గుర్తొచ్చింది. పుట్టిన పిల్లలకి అరికాలు గీస్తే బొటనవేలు పైకి లేవడం సహజమేనట. వాళ్లలో ఆ తీగలింకా పూర్తిగా తయారవవు. ఏడాదీ ఏడాదిన్నర గడిచి, నడక వచ్చేసరికి అది పోతుంది.

దుప్పటి తొలగించి, చూపుడువేలితో దాని అరికాలు మీద మెల్లగా గీశాను. చిక్కుడుగింజంత బొటనవేలు పైకి లేచింది. మిగతా వేళ్లు విసనకర్రలా విచ్చుకున్నాయి. అచ్చం నాలాగే! దానికది నడక నేర్చుకోబోయే గుర్తు, నాకు నడక పోగొట్టుకోబోయే గుర్తు. కన్నీళ్లు తుడుచుకుని దుప్పటి కప్పాను.

ముట్టుకుని చూడమనండి

గుంటూరులో ఆపరేషనయింది. మెడ ముందు నుంచి వెళ్లి, డిస్కు, ఎముక తీసేసి చిన్న ప్లేటు వేశారు. డాక్టరు ముందే చెప్పారు, ‘ఇది మరింత పోకుండా ఆపడానికమ్మా. పోయినదంతా తిరిగొస్తుందని చెప్పను’ అని. అలాగే జరిగింది. నడక కుదుటపడింది. చెప్పు జారడం తగ్గింది. ఎడమచేతి చిటికెన వేలి పక్క ఇప్పటికీ మొద్దుగానే ఉంటుంది. మూర మల్లెపూలు కట్టడానికి ముందు కన్నా రెట్టింపు టైము పడుతుంది. పట్టనీ, తొందరేముంది?

ఆ రోజు నుంచీ మావారు సెలూన్‌లో మెడ తిప్పించుకోవడం మానేశారు. ‘చప్పుడు లేకపోయినా డబ్బులిచ్చేస్తున్నానోయ్’ అంటారిప్పుడు.

నేను కైరోప్రాక్టిక్‌కి ప్రచారం చేయడానికి ఇది రాయడం లేదు. అదే అమెరికాలో మా అల్లుడి స్నేహితుడొకడు ఇంకో చోటికెళ్తే, పది నిమిషాలు చూసి నెలల తరబడి సిట్టింగుల ప్యాకేజీ అంటగట్టారు. బోర్డు ఒకటే, చూసే పద్ధతే వేరు. ఈమధ్య మన ఊళ్లలోనూ ‘బ్యాక్ అడ్జస్ట్‌మెంట్’ బోర్డులు వెలుస్తున్నాయి. ఫోన్లలో టక్కుటక్కుమనిపించే వీడియోలకి లెక్కే లేదు. వాటిలో సుత్తి కనబడదు, శృతిదండం కనబడదు, ‘మేం చెయ్యం’ అన్న మాట వినబడదు. మీ మెడ మీద ఎవరు చెయ్యి వేసినా, ముందు మిమ్మల్ని నడిపించి చూశారా, సుత్తితో తట్టి చూశారా, అరికాలు గీసి చూశారా అన్నది గమనించండి. చూడకపోతే లేచి వచ్చేయండి. పెద్ద ఆస్పత్రికెళ్లినా అంతే. ఫిల్ము అందించే ముందు ‘ఒకసారి ముట్టుకుని చూడండి డాక్టరుగారూ’ అని అడగండి. నేనడుగుతున్నాను. ఎవరూ విసుక్కోలేదు.

ఇంకో మాట. మీ ఇంట్లో అమ్మో, అత్తగారో, నాన్నగారో చెప్పు జారుతోందన్నా, బొత్తాం పెట్టుకోలేకపోతున్నా, సంతకం మారిపోయినా ‘వయసు’ అని సరిపెట్టకండి. వాళ్లు సరిపెట్టుకున్నా మీరు ఒప్పుకోకండి. మేం చెప్పం. పిల్లల్ని కంగారు పెట్టడమెందుకని దాచేస్తాం. అడిగితే అబద్ధం కూడా ఆడతాం.

మనవరాలు ఇప్పుడు బడికెళ్తోంది. కిందటి వేసవిలో వచ్చినప్పుడు వాకిట్లో తొక్కుడుబిళ్ల గీసి దానికి ఆట నేర్పాను. దాని వెనకే నేనూ ఓ గడి గెంతాను. ‘అమ్మమ్మా, గీత తొక్కావ్, అవుట్!’ అని అరిచింది. నిజమే, తొక్కాను. కానీ పడలేదు.